డ్రోన్ దిగిన చోటు

నేను మోటార్లు చుట్టేవాణ్ని. కళ్యాణదుర్గంలో బస్టాండు వెనక చిన్న షాపు నాది. బోర్లలో దించే మోటారు కాలిపోతే రైతులు ఆటోలో వేసుకుని నా దగ్గరికి తెస్తారు. కాలిన తీగ పీకేసి, కొత్త రాగితీగ చుట్టి, వార్నిష్ పోసి, ఆరబెట్టి ఇస్తాను. ముప్ఫై ఏళ్లుగా ఇదే పని. విప్పగానే నాకు తెలిసిపోతుంది, అది కరెంటు హెచ్చుతగ్గులకు కాలిందా, బోరులో నీళ్లు లేక ఉత్తినే తిరిగి కాలిందా అని. రెండో రకమైతే నోరు మూసుకుని చుట్టి ఇచ్చేస్తాను. బోరు ఎండిందని రైతుకు నేను చెప్పేదేముంది? ఆయనకు తెలుసు. తెలిసి కూడా, చెడిపోయింది మోటారేనేమో అన్న ఆశతో తెస్తాడు. ఆ ఆశను విప్పి చూపించే ధైర్యం నాకు ఏనాడూ లేదు.

ఇట్లాంటి మనిషికి డ్రోన్ ఎందుకు? మా ఇంటావిడ రోజూ అడిగేది అదే. "యాభై దాటినాక ఈయప్పకు గాలిపటాల పిచ్చి పట్టినాది" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పుకునేది.  రాగితీగ కోసం బెంగుళూరు పోయినప్పుడు ఒక షాపులో అరచేతిలో పట్టేంత డ్రోన్ ఎగరేసి చూపించారు. ఫోన్ తెరమీద ఆ వీధి మొత్తం, మిద్దెల మీద ఆరేసిన మిరపకాయలతో సహా, కనపడింది. బతుకంతా భూమిలో బొక్కల గురించే మాట్లాడినవాణ్ని. ఒకసారి పైనుంచి చూద్దామనిపించింది. కొనేశాను, అంతే.

నేర్పింది గోరంట్లలో ఉండే ఒక ఫొటోగ్రాఫర్. పెళ్లిళ్లకు డ్రోన్ ఎగరేస్తాడు, లైసెన్సు ఉంది, మాకు దూరపు చుట్టం. నాకంటే చిన్నవాడే గాని నేర్పేటప్పుడు మహా ముక్కోపి. నేను డ్రోన్‌ను ఆన్ చేసి చెయ్యి దగ్గరికి పెట్టగానే ఆ చేతిమీద ఫట్‌మని ఒకటి వేశాడు.

"ముట్టుకోవద్దన్నా! బొమ్మనుకుంటాండావా? నాలుగు కత్తులు తిరిగే యంత్రమిది. రెక్కలు పూర్తిగా నిలిచినాకనే చెయ్యి పెట్టల్ల."

ఆ మొదటి ఆదివారం అసలు ఎగరనివ్వనే లేదు. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా రూల్సే చెప్పాడు. సరదాకు ఎగరేసే ఇంత చిన్నదానికి పైలట్ లైసెన్సు అక్కర్లేదట. కానీ ఎగరేసే ముందు ప్రతిసారీ ప్రభుత్వం వాళ్ల మ్యాపు చూసుకోవాలి. పచ్చరంగున్న చోటే ఎగరేయాలి, అక్కడ కూడా నూట ఇరవై మీటర్లు దాటకూడదు. కంటికి కనపడేంత దూరంలోనే ఉంచుకోవాలి. మనుషుల నెత్తిమీదుగా పోకూడదు. భూమి ఎవరిదో వాళ్లను అడిగి గాని ఎగరేయకూడదు. ఎగరేసేటప్పుడు ఎవరితోనూ మాట్లాడకూడదు, చూపు దానిమీదే ఉండాలి. బ్యాటరీ ముప్ఫైకి వచ్చిందంటే ఇంకో ఆలోచన లేదు, దగ్గర్లో మనుషులూ పశువులూ లేని ఖాళీ చోటు చూసి దింపేయాలి. ఇవన్నీ నేను షాపు గోడమీద, మోటారు కనెక్షన్ల బొమ్మ పక్కనే, చాక్‌పీసుతో రాసుకున్నాను.

రాసుకోవడమే కాదు, పాటించాను. కొత్తచెరువులో మా చెల్లెలి మనవడికి పుట్టువెంట్రుకలు తీసే అఖీఖాకు డ్రోన్ తెమ్మని అందరూ ఒకటే గోల. మ్యాపు చూస్తే, దగ్గర్లోనే విమానాలు దిగే చోటుంది, ఆ చుట్టుపక్కల పచ్చరంగు లేదు. తీసుకుపోలేదు. మా బావ ఇప్పటికీ నన్ను పిసినారి అంటాడు. పోలీసు స్టేషన్‌లో ఒక మాట చెప్పి పెడదామని పోతే అక్కడ రాసుకునే ఆయన తలెత్తి, "పెండ్లికా, మీటింగుకా?" అన్నాడు. దేనికీ కాదన్నాను. "మరెందుకప్పా?" అన్నాడు. ఉత్తినే చూడ్డానికి సార్ అన్నాను. ఆయన మళ్లీ రాతలో పడి, సరే పో అన్నాడు. పైకప్పు లేని స్నానాల గదులు ఊళ్లో ఎన్నో ఉన్నాయి కాబట్టి ఊరిమీద ఎగరేయనే లేదు. గొర్లాయన మంద తోలుకొస్తూ కనపడితే చాలు, దింపేసి కూర్చునేవాణ్ని. "మా గొర్రెలకు ఇంత మర్యాద ఎవురూ ఇయ్యలేదు భాయ్," అని నవ్విపోయేవాడు.

నేర్చుకోవడానికి చోటిచ్చింది ఒక చీనీ తోట రైతు. చీనీ అంటే బత్తాయి. ఆయన నాకంటే రెండేళ్లు పెద్ద, నేను అన్నా అంటాను, ఆయన భాయ్ అంటాడు. నేను షాపు పెట్టినప్పుడు మొట్టమొదట చుట్టింది ఆయన మోటారే. ఊరికి రెండు మైళ్ల దూరంలో ఆయన తోట, తోట పక్కనే ఆయనదే బీడు. ఆ బీడులో ఎగరేసుకుంటానని అడగడానికి పోతే ఆ మొగుడూ పెళ్లామూ కడుపు పట్టుకుని నవ్వారు.

"బీడులో ఎగరేసేదానికి పర్మిషనా? యా కాలంలో ఉండావు భాయ్? గద్దలు అడిగి ఎగురుతాండాయా?" అందావిడ. ఆవిణ్ని నేను వదినా అని పిలిచేవాణ్ని.

అయినా పోయిన ప్రతిసారీ గట్టు దగ్గర నిలబడి అడిగేవాణ్ని. చెప్పులు గట్టుమీద విడిచేవాణ్ని. చేనులోకి చెప్పులతో పోకూడదని మా నాయన చిన్నప్పుడు వీపు పగలగొట్టి నేర్పిన అలవాటది. ఎగరేస్తూ ఉలుకూ పలుకూ లేకుండా పైకే చూస్తూ నిలబడేవాణ్ని. దాని ముఖం నావైపు తిరిగితే ఎడమ కుడైపోతుంది, అది చేతికి అలవాటు పడ్డానికే నాకు రెండు నెలలు పట్టింది. రెండుసార్లు ముళ్లకంపలో పడేశాను. ఆ రెండు నెలలూ నా బతుకులో మంచి రోజులు. దాచుకోవడమెందుకు, చాలా సంతోషపడ్డాను.

ఆ ఏడు వాన మోసం చేసింది. అంతకుముందు ఏడు కూడా సరిగ్గా పడలేదు. అన్న బోరులో నీళ్లు గొట్టం నిండా వచ్చేవి కాస్తా చేతి లావుకు, తర్వాత వేలి లావుకు తగ్గాయి. పన్నెండేళ్ల చెట్లు, మంచి కాపు మీదున్నవి. ఆకులు దొన్నెల్లా ముడుచుకోవడం మొదలైంది. ట్యాంకరు తెచ్చి చెట్టుకు బిందెడు చొప్పున పోశారు. బిందెడు నీళ్లు ఆ పాదులో పడగానే ఒక చప్పుడు వచ్చేది, అంతే, మళ్లీ చూస్తే తడి కూడా ఉండేది కాదు. వాన పడేదాకా చెట్లను బతికించుకుంటే చాలని ఇద్దరూ రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. వాళ్లకు ఇంకో ఆస్తి లేదు, ఇంకో ఆలోచన లేదు. ఆ తోటే.

మా వైపు బోరు వేసే ముందు పాయింట్ చూపిస్తారు. పాయింట్ చూసే ఆయన వస్తాడు. గట్టు దగ్గర నిలబడి భూమి ఆసామిని అడుగుతాడు. చెప్పులు విడుస్తాడు. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేనంతా మాటాపలుకూ లేకుండా నడుస్తాడు. ఆ టెంకాయ ఎక్కడ లేచి నిలబడితే అక్కడ నీళ్లున్నట్టు. ఇంటావిడ అక్కడ రాయి పెట్టి పసుపు కుంకుమ పూస్తుంది. బోరు లారీ వచ్చేదాకా ఆ రాయిని ఎవరూ కదిలించరు. అన్న చేనులో అట్లాంటి రాళ్లు పెట్టిన చోట అప్పటికే ఏడు బోర్లు ఎండి ఉన్నాయి.

నేను చేసేదంతా అదే వరసలో ఉందని నాకు తట్టనే లేదు. తట్టి ఉంటే ఆ బీడులో కాలు పెట్టేవాణ్ని కాదు.

జ్యేష్ఠం సగమైంది. నేను ఎగరేసే ముందు గుట్టమీది గాలిమరలు చూసుకుంటాను. అవి జోరుగా తిరుగుతుంటే ఇంటికి పోతాను. ఆ పొద్దున అవి నిలిచే ఉన్నాయి. ఎగరేసిన కాసేపటికి నైరుతి నుంచి ఒక్కసారిగా గాలి లేచింది. వాన రాలేదు గాని వాన ముందు గాలి మాత్రం వచ్చింది. డ్రోన్‌ను తోటవైపు తోసుకుంటూ పోయింది. వెనక్కి తేవాలంటే గాలికి ఎదురు రావడంలో బ్యాటరీ కరిగిపోతోంది. ముప్ఫై అని ఫోన్ అరిచింది. నాకూ దానికీ మధ్యలో చెట్లకు నీళ్లు పోస్తున్న కూలీలు ఏడెనిమిది మంది ఉన్నారు. వాళ్ల నెత్తిమీదుగా తేకూడదు. తోట అవతలి మూల ఖాళీగా కనపడింది. అక్కడ దింపేశాను. చక్కగా, దుమ్ము కూడా లేవకుండా దిగింది. భలే దింపావురా అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

అది ఈశాన్యం మూల.

నేను పరుగెత్తుకుంటూ పోయేసరికి వదిన అప్పటికే అక్కడ నిలబడి ఉంది. నేను డ్రోన్ తీసుకున్నానో లేదో, ఆవిడ ఆ చోట మడమతో గీత గీసింది. అన్న వచ్చాడు. ఆయన ముఖంలో ఎన్నో నెలల తర్వాత రక్తం కనపడింది.

"ఈశాన్యంలోనే దిగినాది. చూసినావా భాయ్?"

"గాలికి కొట్టుకొచ్చినాదన్నా. బ్యాటరీ అయిపోతే దింపినా. ఇది నీళ్లు చూసేది కాదు, ఉత్త కెమెరా."

"సరేలే. పైనుంచి సూస్తే ఈ మూల ఎట్లుండాది?"

ఎట్లా లేదని చెప్పి ఉండాల్సింది. కానీ దింపేటప్పుడు తెరమీద ఆ మూల కంచె పొడుగునా పచ్చగా కనపడిన మాట నిజం. అది సర్కారు తుమ్మ. దానికి నీళ్లు అక్కర్లేదు, రాతిమీద కూడా మొలుస్తుంది. ఇదంతా నాకు తెలుసు. అయినా ఆయన ముఖం చూసి, "కొంచెం పచ్చగానే ఉండాదన్నా," అన్నాను. ఆ ఒక్క మాట. కాలిన మోటారు విప్పి నోరు మూసుకున్నట్టు ఆ రోజు కూడా మూసుకుని ఉంటే బాగుండేది. నా నోరు పడిపోనూ!

మర్నాడు పోయేసరికి అక్కడ రాయి ఉంది, పసుపు ఉంది, రెండు ఊదుబత్తులు కాలి ఉన్నాయి.  గోరంట్లకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "నువ్వు రూల్ ప్రకారమే చేసినావన్నా, నీ తప్పేమీ లేదు," అన్నాడు ఫొటోగ్రాఫర్. రూల్ ప్రకారమే చేశాను. అక్కడే కదా నా ఏడుపు.

మళ్లీ పోయి అన్న కాళ్లావేళ్లా పడ్డాను. అక్కడ నీళ్లు లేవు, నా మాట విను, ఆ రాయి తీసెయ్ అన్నాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, టీ ఇప్పించి, పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు.

"టెంకాయోడు ఉండాయన్నాడు, పడలే. ఏపకొమ్మోడు ఉండాయన్నాడు, పడలే. మిషనోడు వచ్చి గంటసేపు తిప్పి ఉండాయన్నాడు, పడలే. ఉండాయన్నోళ్లంతా అబద్ధాలే చెప్పినారు. నువ్వొక్కనివే లేవంటాండావు. అందుకే నాకు నమ్మకం కుదిరినాది."

టీ గ్లాసు అక్కడే పెట్టి లేచి వచ్చేశాను. 

బోరు లారీ ఒక పొద్దున్నే వచ్చింది. రమ్మని నాకు ప్రత్యేకంగా కబురు పెట్టారు. పోయాను, పోకుండా ఎట్లా ఉంటాను? వదిన లారీకి టెంకాయ కొట్టింది. నాకు బొట్టు పెట్టబోయి, గుర్తొచ్చి, నవ్వి, చేతిలో బెల్లం ముక్క పెట్టింది. మొదట ఎర్రమన్ను లేచింది, తర్వాత బూడిదరంగు పొడి, తర్వాత తెల్లది. అన్న ప్రతి గొట్టానికీ ఒకసారి పోయి ఆ పొడిని పిడికిట్లో పట్టి పిసికి చూసేవాడు, తడి తగులుతుందేమోనని. ఆరు వందల అడుగుల దగ్గర, "సల్లగా తగులుతాంది," అన్నాడు. నేనూ పట్టుకుని చూశాను. పొయ్యిలో బూడిదంత పొడిగా ఉంది. "అవునన్నా," అన్నాను. చూడండి నా బుద్ధి, అప్పుడు కూడా అవునన్నాను.

వెయ్యి అడుగుల దగ్గర లారీ వాళ్లు ఆపేశారు. మిషను చప్పుడు ఆగిన తర్వాత చెవుల్లో అదోలా ఉంది. చీనీ చెట్లన్నీ తెల్లగా దుమ్ము పట్టి నిలబడి ఉన్నాయి. వదిన మొదటి వరుసలో ఒక చెట్టు దగ్గరికి పోయి కొంగుతో ఆకులు ఒకటొకటే తుడవసాగింది.  ఎవరూ నన్ను ఒక్క మాట తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేదో! పిల్లలెవరూ పడకుండా బొక్కమీద బండ కప్పించి అన్న నాతో, "మోటారు పని తప్పినాది లే నీకు," అన్నాడు. నవ్వడానికి చూశాడు గాని నవ్వు రాలేదు.

షాపు గోడమీద రూల్స్ అప్పటికీ ఉన్నాయి. వాటిలో ఎక్కడా ఇది లేదు. ఏ ఊళ్లో దింపుతున్నావో, అక్కడి మనుషులు దేనికోసం చచ్చిపోతున్నారో చూసి దింపమని ఎవరూ రాయలేదు. నేను డ్రోన్‌ను డబ్బాలో పెట్టి బీరువా పైన పడేశాను. మా ఇంటావిడ కూడా దాని ఊసెత్తడం మానేసింది.

శ్రావణం వచ్చింది గాని వాన రాలేదు. ఒక మధ్యాహ్నం అన్న షాపుకు వచ్చి స్టూలుమీద కూర్చున్నాడు.

"రేపు చెట్లు కొట్టిస్తాండా. కట్టెల కోతమిషనోళ్లకు చెప్పినా," అన్నాడు.  "కొట్టేకి ముందర ఒకసారి పైనుంచి తీసియ్యి భాయ్. మీ వదిన అడుగుతాంది. ఎప్పుడూ కిందనుంచే చూస్తిమి."

కాదనడానికి నాకేం హక్కుంది?

మర్నాడు పొద్దున అన్నీ పద్ధతిగానే చేశాను. మ్యాపు చూశాను. గాలిమరలు చూశాను. కోతమిషన్ల వాళ్లను దూరంగా నిలబడమన్నాను. గట్టు దగ్గర ఆగి, "ఎగరేసుకుంటానన్నా," అని అడిగాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. వదిన వచ్చి నా పక్కన నిలబడి ఫోన్ తెరలోకి చూసింది. చెట్లు ఇంకా వరుసలు తప్పలేదు. ఒకప్పుడు నీళ్లు కట్టిన కాలవలు కూడా గీతల్లా కనపడ్డాయి. మధ్యమధ్యలో బోర్లమీద కప్పిన బండలు, ఎనిమిది, ఎండకు తెల్లగా మెరుస్తున్నాయి. ఆవిడ వేలితో ఎనిమిదో బండను చూపించి, మళ్లీ చెయ్యి వెనక్కి తీసుకుంది.

అప్పుడు తెరమీద ఇంకొకటి కనపడింది. తోట చుట్టూ గట్లమీద మనుషులున్నారు. చెట్లు కొట్టేది చూడ్డానికి వచ్చారేమో అనుకున్నాను. కొంచెం కిందికి దించి చూశాను. పక్కచేను ఆయన చేతిలో నున్నటి రాయి ఉంది. ఆయన పెళ్లాం చేతిలో పసుపు కుంకుమల పళ్లెం ఉంది. అవతలి గట్టుమీద ఇంకో ఇద్దరు, వాళ్ల చేతుల్లో కూడా రాళ్లే. అందరూ తలలెత్తి డ్రోన్‌నే చూస్తున్నారు. అది ఎవరి చేనులో దిగుతుందోనని వచ్చారు వాళ్లు.

 బ్యాటరీ ముప్ఫైకి వచ్చింది. దిగాలి. ఎక్కడ దింపినా అది ఎవరిదో ఒకరి భూమే. దిగిన చోటల్లా రాయి పడుతుంది, రాయి పడ్డ చోటల్లా లారీ వస్తుంది. నా నెత్తిమీదికే తెచ్చుకున్నాను. చెయ్యి పైకి చాపి, రెక్కలు తిరుగుతూండగానే, దాన్ని గాల్లోనే పట్టుకున్నాను.

మూడు వేళ్లకు లోతుగా తెగింది. రక్తం మోచేతిదాకా కారింది. వదిన "అయ్యో భాయ్!" అని కొంగు చింపి వేళ్లకు చుట్టింది. గట్టుమీదినుంచి పక్కచేను ఆయన రాయి పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు.

"అట్ల చేస్తివేమప్పా! మా చేన్లో దించుతావని పొద్దున్నుంచి కాసుకొని ఉంటిమి," అన్నాడు, దాదాపు ఏడుపు గొంతుతో.

 వెనక కోతమిషన్లు మొదలయ్యాయి. మొదటి చెట్టు కూలింది. అన్న దానివైపు చూడలేదు. నా దగ్గరికి వచ్చి, భుజంమీద చెయ్యి వేసి, పక్కచేను ఆయనకు వినపడకుండా మెల్లగా చెప్పాడు.

"పాపం, వాళ్ల చేన్లో ఒకసారి దించరాదా భాయ్. మాకు పడకపోతే వాళ్లకూ పడవని యాడుండాది?"